అందుకునే గొంతు

మా సెరఫిన్ పాడితే పారిస్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారట. కొట్టుకోనీండి. ఇక్కడ మా ఊరు అన్స్ మినోలో మాత్రం మొన్న ఆగస్టులో ఆ పిల్ల పాట ఎత్తుకుంటే మా రోజా సంఘంలో ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. ఆ సంగతే చెబుతాను. మధ్యలో అడ్డు రాకండి. నా గొంతు బాగాలేదు, ఒకసారి ఆపితే మళ్ళీ మొదలెట్టడం కష్టం.

నా పేరు ఒక్తావీ. పొద్దున్నే బస్సులు ఆగేచోట ఉప్పుచేప వడలు అమ్ముతాను. ఇరవై ఎనిమిదో ఏట నుంచీ మా రోజా సంఘానికి పాటగత్తెను. మా సెయింట్ లూసియాలో పుట్టాక రోజా వైపైనా ఉండాలి, మార్గరీత్ వైపైనా ఉండాలి. రెండు పువ్వులు, రెండు సంఘాలు. మాది ఎరుపు, వాళ్ళది నీలం. మా పండగ ఆగస్టు ఆఖర్న, వాళ్ళది అక్టోబర్లో. పండగ వేషాల్లో మాకో రాజు, రాణి, జడ్జి, పోలీసు, నర్సు ఉంటారు. వాళ్ళకీ ఉంటారు, కాకపోతే మా వాళ్ళంత అందంగా ఉండరు. మా రాజు రొట్టెలు కాల్చే అంబ్రోజ్. జడ్జి, మాంసం కొట్టు యాసెంత్. కిరీటం, కోటు తీసేస్తే వీళ్ళ మాట ఇంట్లో పెళ్ళాలు కూడా వినరు.

సంఘాన్ని నిజంగా నడిపేది పాటగత్తె. ఆవిడ పాట ఎత్తుకుంటుంది, జనం అందుకుంటారు. ఏటా కొత్త పాటలు కట్టాలి, రోజాని ఆకాశానికెత్తాలి, మార్గరీత్ వాళ్ళని దుమ్మెత్తిపోయాలి. పాట పండిందనుకోండి, జనం వైపు తిరిగి "బాగా అందుకున్నారర్రా" అనాలి. నలభై ఏళ్ళు ఆ మాట నేనే అన్నాను. పాటగత్తెను ఎవరూ ఎన్నుకోరు, ఓట్లూ గీట్లూ ఉండవు. ఎవరు ఎత్తుకుంటే జనం అందుకుంటారో ఆవిడే పాటగత్తె, అంతే.

మే నెలలో నా గొంతు పోయింది. జలుబు చేసి పోవడం కాదు. ఓ పొద్దున బస్సు డ్రైవర్ని తిడదామని నోరు తెరిస్తే తుప్పుపట్టిన తలుపు చప్పుడు వచ్చింది. వాడు పక్కున నవ్వాడు. కాస్ట్రీస్ పట్నంలో డాక్టరమ్మ నా గొంతులోకి లైటు వేసి చూసి, "పాట మానెయ్యాలి మామ్మా. మాటలు కూడా తగ్గిస్తే మంచిది" అంది. పాట సంగతి అలా ఉంచండి, నన్ను మాటలు తగ్గించమనడానికి ఆవిడకెంత ధైర్యం!

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. అంబ్రోజ్ వేడి రొట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, చెప్పకూడదు గానీ..." అని నసిగాడు.

"చెప్పకూడదని తెలిస్తే ఎందుకొచ్చావు? చెప్పు."

"పాటగత్తె లేకపోతే పండగ లేదు. పండగ జరగని ఊళ్ళో జెండా ఎందుకంటున్నారు దీవి మొత్తాన్నీ చూసే పెద్ద సంఘం వాళ్ళు. ఈ ఏడు జరక్కపోతే మన జెండా పక్క ఊరికి ఇచ్చేస్తారట. మనమంతా అక్కడికెళ్ళి వాళ్ళ వెనకాల నిలబడి పాడుకోవాలట."

ఆ జెండా మా అమ్మమ్మ కుట్టింది. ఒకసారి తుఫానుకి సగం ఊరు కొట్టుకుపోతే మా అమ్మ దాన్ని నడుముకి చుట్టుకుని చర్చి మెట్ల మీద కూర్చుంది. దాన్ని పక్క ఊరివాళ్ళు మోయడమా!  మా సంఘంలో ఇంకెవరున్నారా అని ఆలోచించాను. బట్టలు కుట్టే వెరోనిక్ గొంతు దోమ పాడినట్టుంటుంది. అంబ్రోజ్ పెళ్ళానిది పెద్ద గొంతే, కానీ రెండు వరసలు పాడేసరికి నవ్వొస్తుంది ఆవిడకి. అప్పుడు సెరఫిన్‌కి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఆగస్టులో స్వీడన్‌లో కచేరీలున్నాయి నాకు" అంది.

"స్వీడన్‌లో రోజా జెండా ఉందా?"

"లేదు."

"మరి?"

 ఫోన్‌లో నవ్వు వినపడింది. "సరేలే పిన్నీ, స్వీడన్ వాళ్ళకి ఏదో ఒకటి చెబుతాను. నాకు మాత్రం వడలు వేసి ఉంచు" అంది.

సెరఫిన్ మా అక్క ఆగత్ కూతురు. అక్క పిల్లని నా దగ్గర వదిలి, పక్క దీవి మార్తినీక్‌లో హోటల్ పనికెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. పిల్లని తీసుకెళ్దామని వస్తే, అది నా గౌను పట్టుకుని వేలాడింది, వదిలితే ఒట్టు. అలా నా దగ్గరే పెరిగింది. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య సీమపనస చెట్ల వరసొకటి ఉంది. పక్కింట్లో ఉండేది ఎవరనుకున్నారు? యూలాలీ. మార్గరీత్ సంఘం పాటగత్తె. బళ్ళో నా పక్క బల్ల, ఇంటి దగ్గర నా పక్క ఇల్లు. దేవుడు నా ఓర్పుని పరీక్షించడానికే ఆవిణ్ణి పుట్టించాడు. ఒక ఏడు గాలివానకి వాళ్ళ హాలు కప్పు ఎగిరిపోతే, శనివారం శనివారం యూలాలీ పెరట్లోనే పాటలు పాడుకునేవాళ్ళు. నేను కిటికీలన్నీ బిగించి, పిల్లని మా అమ్మకి అప్పగించి, మా హాలుకి వెళ్ళిపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి పిల్ల మంచం పక్క కిటికీ బార్లా తెరిచి ఉండేది. ఉక్కపోస్తోందే, అనేది మా అమ్మ.

సెరఫిన్ చర్చి బృందంలో పదేళ్ళకే పాడింది. ఫాదర్ గారు పన్నెండో ఏట తీసేశారు. దేవుడి పాటకి చివర్న ఏదో ఒక మెలిక పెడుతోందని ఆయన గోల. పదిహేడో ఏట కాస్ట్రీస్‌లో ఓడ దిగి వచ్చేవాళ్ళ కోసం హోటల్లో పాటలు. అక్కడ బార్బడోస్ నుంచి వచ్చిన ఒక ముసలాయన పియానో వాయించేవాడు. ఆయనే జాజ్ నేర్పాడు. "తాళం వచ్చిందని తొందరపడకు. బస్సు కదలనివ్వు, అప్పుడు తీరిగ్గా ఎక్కు" అనేవాడట. కదిలే బస్సెక్కి కాలు విరగ్గొట్టుకున్న వాళ్ళని నేను బోలెడుమందిని చూశాను గానీ, ఈ పిల్ల మాత్రం అందంగా ఎక్కేది. అక్కణ్ణించి మార్తినీక్‌లో ఫోర్ ద ఫ్రాన్స్ పట్నం, అక్కణ్ణించి పారిస్. సొంత పాటలు రాసింది, అన్నీ మా దీవి భాషలోనే. మొదటి రికార్డు ఊళ్ళో ఇంటికొకటి పంచిపెట్టింది. సగం మంది దాన్ని దారానికి కట్టి తోటలో పిట్టల్ని బెదరగొట్టడానికి వేలాడదీశారు.

ఆ తర్వాత 'నీలం కిటికీ' పాట వచ్చింది. ఓహ్, ఆ పాట! మంగలి షాపులో అదే, పడవల దగ్గర అదే, పెళ్ళిలో అదే. "తెరిచే ఉంచు, తెరిచే ఉంచు" అని ఆ పిల్ల సాగదీసి సాగదీసి పాడుతుంటే వెనక సాక్సొఫోన్ బుజ్జగిస్తున్నట్టు ఉండేది. రేడియోలో వచ్చిందంటే చాలు, నూనె మరుగుతున్నా సరే పెరట్లో పొయ్యి దగ్గరే నడుం తిప్పేదాన్ని. మా దీవిలో జాజ్ పండగకి వచ్చి పాడినప్పుడు నేను ఎర్రగౌనూ ఎర్రటోపీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. నా టోపీ వల్ల వెనకున్న మంత్రిగారికి ఏమీ కనపడలేదు. కనపడకపోతే ఏం, వినపడింది కదా.

అలాంటి పిల్ల జులై ఆఖర్న ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే చెప్పులు విసిరేసి, నిలబడే వడలన్నీ తినేసింది. ఊరంతా వచ్చి ఫోటోలు దిగింది. అంబ్రోజ్ అయితే కిరీటం పెట్టుకొచ్చి మరీ దిగాడు. ఇంక జెండాకి ఢోకా లేదనుకున్నాను.

మొదటి శనివారం సాయంత్రం హాల్లో సాధన. పిల్ల లేచి నిలబడి కొత్త పాట ఎత్తుకుంది. ఎంత చక్కని గొంతని! తేనె కాదు, కాచిన బెల్లప్పాకం. వయొలిన్ మొదలైంది, బాంజో కలిసింది, గలగల డబ్బా ఊపేవాడు ఊపుతున్నాడు. జనం అందుకోవాల్సిన చోటు వచ్చింది. ఎవరూ అందుకోలేదు. ఎందుకంటే ఆ చోటు వచ్చేసరికి ఈవిడ ఇంకా పాడుతోంది! పాడటం ఆపాక మా వాళ్ళు అందుకుందామని నోరు తెరిస్తే, అప్పటికే తర్వాతి వరసలోకి దూరిపోయింది. తాళం ఒక చోట, పాట ఒక చోట, మా వాళ్ళ తెరిచిన నోళ్ళు ఇంకో చోట. వయొలిన్ వాయించే ముసలాయన కమాను దించేసి, "అమ్మాయ్, నువ్వు ఎక్కడున్నావో చెబితే నేనూ అక్కడికే వస్తాను" అన్నాడు.

రెండో శనివారమూ అంతే. ఇంకో విచిత్రం గమనించాను. పిల్ల పాడుతుంటే అందరూ ఆ పిల్ల వైపు చూడటం లేదు. మూల కుర్చీలో కూర్చున్న నా వైపు చూస్తున్నారు.

సాధన అయ్యాక అంబ్రోజ్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "అక్కా, నువ్వొచ్చి మాలో కూర్చోరాదూ? గొంతు లేకపోతే మానె, కాస్త పెదవులాడించు. నువ్వు అందుకుంటే జనమూ అందుకుంటారు."

నేను ఒంటికాలి మీద లేచాను. "నేనా? అందుకోవడమా? నలభై ఏళ్ళు ఎత్తుకున్నదాన్ని, ఇప్పుడు నీ పెళ్ళాం పక్కన కూర్చుని తోకపాట పాడాలా? చచ్చినా జరగదు. డాక్టరమ్మ కూడా వద్దంది."

"డాక్టరమ్మ తిట్టడం కూడా వద్దందిగా" అన్నాడు అంబ్రోజ్ గొణుక్కుంటూ. అని బతికి బయటపడ్డాడు, అది చాలు.

ఇంటికొచ్చాక సెరఫిన్ వంటింటి గుమ్మంలో కూర్చుని కోకో టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ ఉండిపోయింది.

"వాళ్ళకి నేను నచ్చలేదా పిన్నీ?"

"నచ్చకేం? ఫోటోలు దిగలేదూ నీతో?"

"ఫోటోకి నోరు విప్పక్కర్లేదు." టీ కింద పెట్టేసింది. "బయట పాడితే జనం వింటారు పిన్నీ. బాగా వింటారు, దగ్గు కూడా ఆపుకుని వింటారు. కానీ వినడం వేరు. నా చిన్నప్పుడు నువ్వు ఇలా చెయ్యి తిప్పేదానివి, హాలు మొత్తం ఒక్కసారి నీ మీదికొచ్చి పడేది. నేను బల్ల కింద నుంచి చూసేదాన్ని. నాకు ఒక్కసారి అది కావాలి. జెండా కోసమే రాలేదు నేను."

  "తాళం మీద పాడవే తల్లీ. బస్సు ఆగి ఉండగానే ఎక్కు" అన్నాను.

"ప్రయత్నిస్తాను. నువ్వు ఎప్పుడైనా నా పాట అందుకున్నావా పిన్నీ?"

"పాటగత్తె ఎవరి పాటా అందుకోదే."

ఆ పిల్ల లేచి గ్లాసు కడగడానికి వెళ్ళింది.

మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చెట్ల సందులోంచి నీలం తలగుడ్డ కనపడింది. 

"ఏమే ఒక్తావీ, మీ పారిస్ పిల్ల పాట బాగుందే. ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలిసుంటే ఇంకా బాగుండేది" అంది యూలాలీ.

"నోర్ముయ్యవే. మీ సంఘంలో పాడితే కుక్కలు అందుకుంటాయి."

"అందుకుంటాయి కదా! మీకు అవి కూడా లేవుగా." కాసేపు నవ్వి, నవ్వి, గొంతు తగ్గించింది. "ఒసేయ్, ఎలాగోలా ఆ జెండా నిలబెట్టుకో. మీరు లేకపోతే అక్టోబర్లో నేనెవర్ని తిట్టాలి? సముద్రాన్నా?"

ఆవిడ నోటివెంట అలాంటి మాట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. తడి దుప్పటి ఆవిడ వైపు దులిపాను.

పండగ వచ్చింది. పొద్దున పూజ, తర్వాత ఊరేగింపు. మా అమ్మమ్మ జెండా ముందు, రాజూ రాణీ వెనక, ఎర్రకాగితం పూలతో పిల్లలు, ఆ వెనక తొక్కుకుంటూ తోసుకుంటూ మేమందరం. హాల్లో భోజనాలు. కోడి, రక్తం కూరిన పుడింగు, సీమపనస, రమ్ము. పెద్ద సంఘం నుంచి ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు, జెండా సంగతి తేల్చడానికి. ఎప్పట్లాగే మార్గరీత్ వాళ్ళనీ పిలిచాం. నీలం బట్టలేసుకుని అతిథుల బల్లల మీద వరసగా కూర్చున్నారు. మా దగ్గర అతిథులు ఎంతైనా తినొచ్చు, తాగొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు. నోరు తెరిచి పాడారో, మా పోలీసు మెడ పట్టుకుని జడ్జి ముందు నిలబెడతాడు. వాళ్ళ పండగలో మాకూ అదే గతి.

సెరఫిన్ ఎర్రగౌనులో లేచింది.  మొదటి పాట. ఎంత జాగ్రత్తగా తాళం మీద పాడదామన్నా, చివరికొచ్చేసరికి పాతికేళ్ళ అలవాటు ఊరుకోదు కదా, ఒక మెలిక పడిపోయింది. జనంలో అక్కడో గొంతు, ఇక్కడో గొంతు లేచి సిగ్గుపడి కూర్చున్నాయి. రెండో పాట ఇంకా ఘోరం. కళ్ళజోడాయన జేబులోంచి పెన్ను తీశాడు. అంబ్రోజ్ కిరీటం నుదుటి మీదికి జారినా సర్దుకోలేదు.  అయిపోయింది, జెండా పోయింది అనుకున్నాను.

 పిల్ల వంగి వయొలిన్ ముసలాయన చెవిలో ఏదో చెప్పింది. ఏ మెలికా లేకుండా, ఏ సాగదీతా లేకుండా, మేకు కొట్టినట్టు తాళం మీద 'నీలం కిటికీ' ఎత్తుకుంది. ఊరందరికీ నోటికొచ్చిన పాట, ఇదైనా అందుకుంటారని పాపం ఆశ. సాక్సొఫోన్ లేదు, బుజ్జగింపు లేదు. వయొలిన్, గలగల డబ్బా, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు.

"తెరిచే ఉంచు, తెరిచే ఉంచు..." అని ఆగింది.

అందుకున్నారు! హాలు అదిరిపోయేలా అందుకున్నారు!

"మాదే పువ్వు, మాదే పువ్వు!"

పాడింది అతిథుల బల్లలు. నీలం బట్టలవాళ్ళు! ముందు యూలాలీ, ఆ వెనక వాళ్ళ ముసలమ్మలందరూ, కళ్ళు మూసుకుని, ఊగుతూ! రెండో 'పువ్వు' దగ్గర యూలాలీ కళ్ళు తెరిచి, తనెక్కడుందో చూసుకుని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

 ఆ తర్వాత చూడండి! కుర్చీలు పడ్డాయి, గ్లాసులు పడ్డాయి. "అది మార్గరీత్ పాటా?" "ఇన్నేళ్ళూ మనం చిందులేసింది మార్గరీత్ పాటకా?" "నా పెళ్ళిలో వేశారురా బాబూ!" మా పోలీసు విజిల్ వేసుకుంటూ ఎవర్ని పట్టుకోవాలో తెలియక, ఒక చేత్తో యూలాలీని, ఇంకో చేత్తో సెరఫిన్‌ని పట్టుకుని జడ్జి దగ్గరికి లాక్కొచ్చాడు. యాసెంత్ కోటు వేసుకుని, చెక్కగరిటెతో బల్ల మీద బాదాడు.

"మొదటి ముద్దాయి! రోజా హాల్లో మార్గరీత్ పాట పాడావా లేదా?"

"నేను పాడలేదు బాబూ, నా నోరు పాడింది" అంది యూలాలీ. "ఆ పాట నేను కట్టిందే. మా హాలు కప్పు ఎగిరిపోయిన ఏడు కట్టాను. పెరట్లో పాడుకున్నాం."

"రేడియోలో వస్తుంటే నీకు తెలియలేదా?"

"ఎందుకు తెలియదు? మొదటిసారి విన్నప్పుడే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు చెప్పాలి?" నడుం మీద చేతులేసుకుంది. "రోజా వాళ్ళంతా నా పాటకి నడుం తిప్పుతుంటే కళ్ళారా చూసుకోవద్దూ? ముఖ్యంగా ఒక్తావీ! వడలు మాడిపోతున్నా ఆపేది కాదు. మా వంటింటి కిటికీలోంచి చూసి చూసి, నవ్వలేక నాకు పొట్టలో నొప్పొచ్చేది."

హాలు ఘొల్లుమంది. నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆవిడ పీక పిసికేద్దామని లేచాను గానీ, వెరోనిక్ నా గౌను పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"రెండో ముద్దాయి!" అని మళ్ళీ బాదాడు యాసెంత్. "రోజా ఇంట్లో పెరిగి, మార్గరీత్ పాట దొంగిలించి, దేశదేశాల్లో పాడిన నేరం. నువ్వు ఎవరి పిల్లవి? వాళ్ళ పిల్లవైతే మా జెండా కింద నిలబడటానికి వీల్లేదు. ఏమైనా చెప్పుకుంటావా?"

మాట సరదాకే అన్నాడు, కోర్టు ఆటే కదా. కానీ సెరఫిన్ ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగి, "దేవుడి మీద ఒట్టు పిన్నీ, నేనే కట్టాననుకున్నాను" అంది చిన్నగా. పెన్ను పట్టుకున్న కళ్ళజోడాయన వైపు చూసింది, జెండా వైపు చూసింది. ఎత్తుమడమల చెప్పులు విప్పి పక్కన పెట్టింది. వట్టి కాలితో చెక్కనేల మీద కొట్టింది. ఒకసారి, ఇంకోసారి. చేతులు వెనక్కి కట్టుకుని, ముద్దాయి నిలబడ్డట్టే నిలబడి ఎత్తుకుంది.

"ఈ చెవిలో పిన్ని పాట, ఆ చెవిలో పొరుగు పాట,
పసిదాన్ని, నేనేం చెయ్యను జడ్జిగారూ?"

ఆగింది. అందుకునే చోటు అది. ఎవరూ అందుకోలేదు. పాటో, వాంగ్మూలమో తెలియక నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆ పిల్ల కాలు మాత్రం ఆగలేదు.

"పిన్ని కిటికీ మూసి వెళ్ళె, అమ్మమ్మ వచ్చి తెరిచె,
ఉక్కపోతది కాదా తప్పు జడ్జిగారూ?"

జనం కిసుక్కుమన్నారు. మళ్ళీ ఆగింది. ఈసారి హాలంతా తల తిప్పి నా వైపు చూసింది. రాజు చూశాడు, జడ్జి చూశాడు, యూలాలీ చూసింది. సెరఫిన్ చూసింది. పెద్దగా తెరిచిన ఆ కళ్ళు నాకు తెలుసు. నా గౌను పట్టుకుని వేలాడిన రోజు చూసిన చూపే అది. ఈ పిల్ల ఎవరి పిల్లని నడి హాల్లో అడుగుతున్నారు, నేను కుర్చీలో కూర్చుని డాక్టరమ్మ మాట తలుచుకోవాలా?

ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

"పిల్ల మాదే జడ్జిగారూ, పిల్ల మాదే!"

అబ్బే, అదేం గొంతు! తుప్పుపట్టిన తలుపు కాదు, దాని పక్కనున్న రేకుల షెడ్డు కూలినట్టుంది. ఎవరూ నవ్వలేదు. నేను అందుకున్న పాట నేల మీద పడకముందే హాలు మొత్తం లేచి పట్టుకుంది.

"పిల్ల మాదే జడ్జిగారూ, పిల్ల మాదే!"

వయొలిన్ దూకింది, బాంజో దూకింది. సెరఫిన్ ముఖం దీపం వెలిగించినట్టయింది. ఇంక ఆగుతుందా! ఫాదర్ గారు బృందంలోంచి తీసేసిన సంగతి పాడింది, పిట్టల్ని బెదరగొట్టిన రికార్డుల సంగతి పాడింది, నా టోపీ వెనక చిక్కుకుపోయిన మంత్రిగారి సంగతి పాడింది. ఎక్కడ మెలికపెట్టినా మా వాళ్ళు ఆగి, నవ్వుకుని, పిల్ల తిరిగి రాగానే "పిల్ల మాదే" అని మీదపడ్డారు. ఎలా ఆగాలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మూడో చరణానికి అతిథుల బల్లలు కూడా ఊరుకోలేదు. "పాట మాదే జడ్జిగారూ, పాట మాదే!" అని అటు నుంచి యూలాలీ వాళ్ళు. పోలీసు విజిల్ వేసి వేసి అలిసిపోయి, ఆఖరికి దాన్నే తాళానికి వెయ్యడం మొదలెట్టాడు. నేను వెళ్ళి అంబ్రోజ్ పెళ్ళాన్ని పక్కకి జరగమని ఆవిడ పక్కనే నిలబడ్డాను. గొంతు వచ్చినంత వచ్చింది, రానప్పుడు పెదవులాడించాను. ఇంతమంది గొంతుల మధ్య మన గొంతు ఎలా ఉందో ఎవరికీ పట్టదని నాకు ఆ రోజే తెలిసింది. ఎంత హాయిగా ఉందో ఏం చెప్పను!

యాసెంత్ తీర్పు చెప్పాడు. పిల్ల రోజాది, పాట మార్గరీత్‌ది. శిక్షగా సెరఫిన్ ఏటా ఆగస్టుకి వచ్చి పాడాలి. యూలాలీకి శిక్షగా ఇంకో పళ్ళెం భోజనం. కళ్ళజోడాయన పెన్ను ఎప్పుడు జేబులో పెట్టుకున్నాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి మా రాణితో డాన్సు చేస్తున్నాడు. జెండా ఎక్కడిదక్కడే గోడ మీద ఉంది.

"మరి ఒక్తావీకి శిక్ష లేదా? డాక్టర్ మాట జవదాటింది!" అని అరిచింది యూలాలీ నోటి నిండా కోడికూరతో. అంతే, మా సంఘంలో నర్సు వేషం వెరోనిక్‌దే, తలగుడ్డ చుట్టుకుని చెంచా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆ... అను అక్కా, నోరు తెరువు, ఆ..." అని నా నోట్లో చెంచా పెట్టి, లోపలికి తొంగిచూసి, "లోపల రోజా పువ్వు ఉందర్రా!" అని ప్రకటించింది.

నేను ఆ చెంచా నోట్లోంచి లాగిపారేసేసరికి సెరఫిన్ ఎదురుగా నిలబడి ఉంది. చెమటతో తడిసిపోయింది, వట్టి కాళ్ళు, జుట్టు ముడి ఊడిపోయింది. నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

"బాగా అందుకున్నావు పిన్నీ" అంది.

నలభై ఏళ్ళుగా ఆ మాట నేనే అందరితో అన్నాను. నాతో ఒకరు అనడం అదే మొదలు. ఏడుపొచ్చేసింది నాకు, అంత బాగుంది ఆ మాట.